గోత్రం ఎక్కడ అడుగుతారు?

వేములవాడ రాజన్న గుడిలో అర్చన చేయించేటప్పుడు అయ్యగారు గోత్రం అడుగుతారు. సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దమనుషులు ముందుగా అడిగేదీ అదే. కోరుట్ల బస్టాండులో గానీ, సిరిసిల్ల సాంచెల (మరమగ్గాల) కార్ఖానాలో గానీ, మల్లాపూర్ అంగట్లో గానీ ఎవరూ ఎవరినీ గోత్రం అడగరు. రోజంతా వంద పనులు దాని ఊసే లేకుండా జరిగిపోతాయి. ఒకటి రెండు చోట్ల మాత్రం అది చెప్పందే పని కదలదు. ఎక్కడ అడుగుతున్నారో గమనిస్తే ఎందుకు అడుగుతున్నారో అర్థమవుతుంది. యూదుల పవిత్ర గ్రంథాల్లో, అంటే క్రైస్తవులు పాత నిబంధన అని చదువుకునే పుస్తకాల్లో, చాలామంది దాటేసి వెళ్లిపోయే పుటలకు తాళంచెవి ఇదేనని నా నమ్మకం. దినవృత్తాంతములు మొదటి గ్రంథం తెరిస్తే ఆదాముతో మొదలై 9 అధ్యాయాల నిండా పేర్లే. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు. కథ లేదు, మాట లేదు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం ప్రాంతంలో ఆ పుస్తకం కూర్చినవాళ్లు తోలూ సిరా ఖర్చుపెట్టి అన్ని పేర్లు ఊరికే రాసిపెట్టుకోరు. అవి పాత ముచ్చట్ల జ్ఞాపకాలు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎవరికి ఏ పని, ఆ పనికి ఏ వాటా అని తేల్చే హక్కు కాగితాలుగా చదివితేనే అవి నోరు విప్పుతాయి. ఆ చదువు నేర్పడానికి సిరిసిల్ల వైపు తిరిగే ఒక బొమ్మల కథ పటం చాలు.

ముందు హెబ్రీ గ్రంథాల్లోని ఏర్పాటు ఏమిటో చూద్దాం. యాకోబు కొడుకుల పేర్ల మీద పన్నెండు గోత్రాలు. అందులో లేవి గోత్రానికి దేవుడి సేవ. లేవి వంశంలోనే అహరోను ఇంటివాళ్లకు యాజకత్వం, అంటే బలిపీఠం దగ్గర నిలబడే హక్కు. మిగిలిన లేవీయులకు దేవుడి సన్నిధి గుడారాన్ని మోసే, కాచే, పాడే పనులు. సంఖ్యాకాండంలో ఆ పంపకం ఎంత వివరంగా ఉంటుందంటే, మన ఊళ్లో పోచమ్మ బోనాలకు కుండ ఎవరు చేయాలి, డప్పు ఎవరు కొట్టాలి, జమిడిక ఎవరు వాయించాలి అన్న లెక్క గుర్తుకొస్తుంది. లేవి కొడుకుల్లో గెర్షోను వంశానికి తెరలు, బట్టలు. మెరారి వంశానికి పలకలు, స్తంభాలు, మేకులు, తాళ్లు. కహాతు వంశానికి అన్నిటికన్నా పవిత్రమైన సామగ్రి. గెర్షోనువాళ్లకు రెండు బండ్లు, నాలుగెడ్లు ఇచ్చారు. బరువు ఎక్కువ గనుక మెరారివాళ్లకు నాలుగు బండ్లు, ఎనిమిదెడ్లు. కహాతువాళ్లకు ఒక్క బండీ ఇవ్వలేదు. వాళ్ల సామగ్రిని భుజాల మీదే మోయాలి. పుట్టుకతో వచ్చిన గౌరవం అంటే బరువు తగ్గడం కాదని ఆ లెక్కే చెబుతోంది.

ఇందులో అసలు కీలకం ఇంకొకటి ఉంది. లేవీయులకు భూమిలో వాటా లేదు. మిగిలిన గోత్రాలన్నీ పొలాలు పంచుకుంటే, వీళ్లకు ఉండడానికి కొన్ని ఊళ్లు, తినడానికి మిగిలినవాళ్లు తెచ్చిచ్చే పదో వంతు పంట. అంటే వాళ్ల తిండి వాళ్ల పుట్టుక మీద, ఆ పుట్టుకను మిగతావాళ్లు ఒప్పుకోవడం మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు సిరిసిల్లకు వద్దాం. పద్మశాలీలకు తమ వంశాన్ని చెప్పే పురాణం ఉంది. భృగువు వంశంలో మార్కండేయుడు, ఆయన చేసిన హోమంలోంచి పుట్టిన భావనారుషి, విష్ణువు నాభి కమలం నుంచి తెచ్చిన నారతో దేవతలకు ఆయన నేసిన బట్ట, సూర్యుడి కూతురు భద్రావతితో పెళ్లి, వాళ్ల 101 మంది కొడుకులు, వాళ్ల పేర్ల మీద 101 గోత్రాలు. ఈ కథను పద్మశాలీలు తమంతట తాము ఊరి నడుమ నిలబడి చెప్పుకోరు. చెప్పే హక్కు కూనపులి అనే కథకుల కులంవాళ్లది. చేర్యాల నకాశీ చిత్రకారులు చింతగింజల గంజి, సుద్దమట్టి పూసి గట్టిపరిచిన గుడ్డ మీద ఎర్రటి నేలరంగు వేసి ఈ కథను బొమ్మలుగా దించుతారు. మనిషికన్నా ఎన్నో రెట్లు పొడుగుండే ఆ పటం చుట్టను నిలువుగా వేలాడదీసి, మడత మడతగా విప్పుతూ, కర్రతో ఒక్కో బొమ్మను చూపుతూ కథ నడుపుతారు. పైన వినాయకుడు, కింద రుషులు, హోమం, యుద్ధం, మగ్గం. భావనారుషి కొడుకుల దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్ల గోత్రాలే కథలోని పేర్లవుతాయి. పొద్దంతా సాంచె నడిపి చెవుల్లో ఇంకా ఆ చప్పుడు పోని మనిషి, దేవతలకు బట్ట నేసినవాడి కొడుకుల్లో తన పేరు వింటాడు.

ఆ ఆటలో పైకి కనిపించేది ఒక వంశావళి. లోపల రెండోది ఉంది. కూనపులి కుటుంబాలు ఎక్కడంటే అక్కడికి వెళ్లి కథ చెప్పవు. ఏ ఊళ్లు ఏ ఇంటివాళ్లవో వాళ్లలో వాళ్లకు పంపకం ఉంటుంది. దాన్ని మిరాశి అంటారు. అన్నదమ్ములు వేరుపడితే ఊళ్లూ పంచుకుంటారు. పద్మశాలీల వంశం చెప్పడానికి వచ్చినవాడు తన తాత ఎవరో, ఈ ఊరు తన ఇంటికి ఎలా దక్కిందో కూడా చెప్పగలగాలి. అంటే దాతల పుట్టుపూర్వోత్తరాలకు సాక్షి అయినవాడి బతుకు తన పుట్టుపూర్వోత్తరాల మీదే నిలబడింది. మాదిగలకు డక్కలివాళ్లు, చిందువాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు. తెలంగాణలో దాదాపు ప్రతి పనివాళ్ల కులానికీ ఇలా వంశం చెప్పే ఇంకో చిన్న కులం ఉంది. లేవీయుల్లాగే వీళ్లకూ భూమి లేదు. ఇచ్చేవాళ్ల గుర్తింపే భూమి.

వాటా ఉన్నచోటే వంశం అడుగుతారన్న మాటకు హెబ్రీ గ్రంథాల్లో ఇంతకన్నా బలమైన రుజువు ఉండదని నేననుకునే పుట ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం. బబులోను చెర నుంచి యెరూషలేముకు తిరిగి వచ్చినవాళ్ల పట్టీ అది. దాన్ని క్రీ.పూ. 538 తర్వాతి కాలానిదిగా చెబుతారు. మొత్తం 42,360 మంది. యాజకులు నాలుగు వంశాలు కలిపి 4,289 మంది, లేవీయులు 74 మందే. ఆ పట్టీ చివర రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటివాళ్లు దెలాయ్యా, టోబీయా, నెకోదా వంశాల 652 మంది. తాము ఇశ్రాయేలీయులమేనని రుజువు చూపలేకపోయారు. వాళ్లను ఎవరూ వెళ్లగొట్టలేదు, పట్టీలో అలాగే రాసుకున్నారు. రెండోవాళ్లు హబాయ్యా, హక్కోజు, బర్జిల్లయి అనే యాజక వంశాలు. వీళ్లు తమ పేర్లు వంశావళి పుస్తకాల్లో వెతికారు, దొరకలేదు. వీళ్లను మాత్రం యాజకత్వం నుంచి తప్పించారు. పారశీకుల తరఫు అధికారి ఇచ్చిన ఆజ్ఞ గమనించాలి. ఊరీము, తుమ్మీములతో దైవనిర్ణయం అడగగల యాజకుడు వచ్చేదాకా వీళ్లు అతి పవిత్రమైన నైవేద్యం తినకూడదు. వాళ్ల దైవభక్తిని గానీ నడవడిని గానీ ఎవరూ తప్పుపట్టలేదు, ప్రశ్న అంతా పళ్లెం గురించే. జనంలో కలిసి ఉండడానికి కాగితం అడగలేదు, గుడిలోని వాటాకు చెయ్యి చాపితే అడిగారు. బర్జిల్లయి వంశం సంగతి ఇంకా చిత్రం. వాళ్ల మూలపురుషుడు గిలాదు దేశపు బర్జిల్లయి కూతురిని పెళ్లి చేసుకుని మామగారి ఇంటిపేరు పెట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఇల్లరికం. ఇంటిపేరు మారిన ఇల్లు పట్టీలో జారిపోయింది.

వంశం పనిని నిర్ణయిస్తుందని ఇంతదాకా చెప్పుకున్నాం. దీనికి ఎదురు దారి కూడా ఉంది. పని వంశాన్ని మార్చుకుంటుంది. సమూయేలు ప్రవక్తను తీసుకోండి. సమూయేలు మొదటి గ్రంథం మొదటి వాక్యాల్లో ఆయన తండ్రి ఎల్కానా ఎఫ్రాయిము మన్యపు మనిషి. లేవి పేరే రాదు. కొడుకు మాత్రం గుడిలో పెరిగి, యాజకుడి దగ్గర సేవ చేసి, బలులు అర్పిస్తాడు. కొన్ని వందల ఏళ్ల తర్వాత రాసిన దినవృత్తాంతములలో ఆ సమూయేలే లేవి గోత్రంలో, కహాతు వంశంలో ఉన్నాడు. ఆయన మనుమడు హేమాను దేవాలయ గాయకులకు పెద్ద. దీనికి పాతకాలం నుంచీ ఒక సమాధానం ఉంది. లేవీయులకు సొంత భూమి లేదు గనుక వేరే గోత్రాల ఊళ్లలో ఉండేవాళ్లు, ఎల్కానా కూడా ఎఫ్రాయిములో కాపురమున్న లేవీయుడే అంటారు. ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. కహాతు వంశానికి ఎఫ్రాయిములో ఊళ్లు ఇచ్చినట్టు యెహోషువ గ్రంథంలో ఉంది. అయినా ఒక చిక్కు మిగులుతుంది. ఎల్కానా భార్య, పిల్లలు లేని హన్నా, కొడుకు పుడితే వాణ్ణి దేవుడికే ఇచ్చేస్తానని మొక్కుకుంటుంది. పుట్టుకతోనే దేవుడి సేవకు చెందిన లేవీయుల ఇంట్లో ఆ మొక్కుకు బలమేముంది? ఎవరూ అడగని బిడ్డను ఇచ్చినప్పుడే అది త్యాగం. కథ చెప్పినవాడికి సమూయేలు తల్లి ఇచ్చిన బిడ్డ, పట్టీ రాసినవాడికి లేవి కన్న బిడ్డ. అంత పెద్ద సేవ చేసినవాడు సేవ చేసే వంశంలో లేకుండా ఎలా ఉంటాడన్నది రెండోవాడి తర్కం.

దావీదు కొడుకుల విషయంలోనూ ఇదే. సమూయేలు రెండో గ్రంథం ఎనిమిదో అధ్యాయం చివర దావీదు కొడుకులు యాజకులుగా ఉన్నారని హెబ్రీ మూలం చెబుతుంది. దావీదు యూదా గోత్రం. లేవి రక్తం లేదు. అదే పట్టీని తిరగరాసిన దినవృత్తాంతములలో ఆ ఒక్క మాట మారిపోయి, వాళ్లు రాజు దగ్గర ముఖ్యులయ్యారు. రాసినవాడి కాలానికి లేవి వంశం కాని యాజకుడు ఊహకే అందని సంగతి కావొచ్చు.

ఇంకొక చోట ఆ దిద్దుబాటు కంటికే కనిపిస్తుంది. న్యాయాధిపతుల గ్రంథం 18వ అధ్యాయంలో దాను గోత్రంవాళ్లు ఒక విగ్రహం నిలిపి, దానికి యోనాతాను అనేవాణ్ణి, అతని సంతానాన్ని పూజారులుగా పెట్టుకుంటారు. అతను గెర్షోము కొడుకు, గెర్షోము తండ్రి మోషే. ధర్మశాస్త్రం ఇచ్చిన మోషే వంశం విగ్రహం ముందు కూర్చుందంటే రాసుకునే లేఖకుడికి చెయ్యి ఆడలేదు. హెబ్రీ లిపిలో అచ్చులు రాయరు. మోషే పేరులో మూడే అక్షరాలు, మేము, షీను, హే. మేముకు, షీనుకు నడుమ నూను అనే అక్షరం చేరిస్తే అది మనష్షే అవుతుంది. మనష్షే విగ్రహాలు నిలిపినందుకు చెడ్డపేరు మోసిన రాజు. యూదుల సంప్రదాయ ప్రతుల్లో ఆ నూను ఈ రోజుకీ వరుసలో ఉండదు, మిగతా అక్షరాలకన్నా కాస్త పైకి వేలాడుతూ ఉంటుంది. తాత పేరును కాపాడటానికి ఒక అక్షరం చేర్చారు, చేర్చామని తెలిసేలా దాన్ని పైకెత్తి ఉంచారు. పూర్తిగా మార్చేసి ఉంటే మనకు తెలిసేది కాదు. రాసిన చేతికి మోషే మీద ఎంత గౌరవముందో, పాత ప్రతి మీద అంతే గౌరవముంది. వంశావళిని దిద్దిన మనిషి నిజాయితీకి ఇంతకన్నా చిన్నదీ గొప్పదీ అయిన గుర్తు నేనెరగను.

అయితే ఇదంతా కల్పనే కదా, పటం మీది భావనారుషీ పుస్తకంలోని అహరోనూ ఒకటే కదా అని ఎవరైనా అడగొచ్చు. అంత సులభంగా కొట్టేయలేం. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, తానూ యాజక వంశస్థుడే, తమవాళ్లు వంశాల లెక్క ఎలా కాపాడేవారో రాశాడు. ఈజిప్టులో ఉన్నా బబులోనులో ఉన్నా యాజకుడు పెళ్లి చేసుకుంటే పెళ్లికూతురి తాతముత్తాతల పేర్లు, సాక్షుల పేర్లు యెరూషలేముకు పంపాలి. యుద్ధం వచ్చి పట్టీలు చెదిరిపోతే బతికి బయటపడిన యాజకులు పాతవాటిని చూసి కొత్తవి రాయాలి. క్రీ.శ. 70లో రోమన్లు గుడిని కూల్చేశారు, వాటా పోయింది. అయినా కోహెన్ అనే ఇంటిపేరు, ఆ ఇంటి మగవాళ్లు ప్రార్థన మందిరంలో చేతులెత్తి దీవించే హక్కు నిలిచాయి. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, యాజక వంశమని చెప్పుకునే యూదు మగవాళ్లలో వై క్రోమోజోము గుర్తులు మిగతావాళ్లకన్నా ఎక్కువగా కలుస్తున్నాయని చూపింది. తర్వాతి పరిశోధనలు అందులో ఒకటికి మించి మూలాలు ఉన్నాయన్నాయి. రక్తంలో కొంత నిజం ఉంది. కానీ ఆ రక్తం అహరోనుదేనని ఏ పరీక్షా చెప్పలేదు. అహరోను పేరు చెప్పేది పట్టీ ఒక్కటే. ఆ పట్టీ జరిగినదాన్ని మోస్తూనే జరగాల్సినదాన్ని కూడా మోస్తోంది. అబద్ధం అంటే మోసగించే ఉద్దేశం ఉండాలి. ఇక్కడ ఉన్నది, ఒక సమాజం తన పనులను ఎవరి చేతుల్లో పెట్టిందో వాళ్లను తన మూలపురుషుడికి కట్టుకోవడం. పద్మశాలీ భావనారుషి కొడుకని చెప్పుకోవడంలోనూ బట్ట నేయడమంటే దేవుడి పని అన్న నమ్మకమే ఉంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. పుట్టుకతో పని, పుట్టుకతో హక్కు అంటే మన దేశంలో దాని పేరు కులం. దాన్ని మెచ్చుకోవడం ఏమిటి? ఈ ప్రశ్న ముందు తలవంచాల్సిందే. వారసత్వపు పూజారి హక్కు మన దగ్గర చట్టానికి ఎక్కిన సంగతి. ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం 1987లో అర్చకుల, మిరాశీదారుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. పూజ మతానిదే గానీ పూజారిని నియమించడం లౌకికమైన పని అన్నది కోర్టు తర్కం. 2007 సవరణ అర్చక కుటుంబాలకు కొంత తిరిగి ఇచ్చింది. హెబ్రీ గ్రంథాల లోపల కూడా ఈ తగాదా ఉంది. లేవీయుడైన కోరహు 250 మందిని వెంటేసుకుని మోషే అహరోనుల ముందుకొచ్చి, సమాజమంతా పవిత్రమైనదే కదా, మీరెందుకు పైకెక్కి కూర్చున్నారని నిలదీశాడు. భూమి నోరు తెరిచి అతణ్ణి మింగిందని కథ. కానీ కోరహు కొడుకులు చావలేదని అదే సంఖ్యాకాండం ఒక్క వాక్యంలో చెబుతుంది. తర్వాత వాళ్ల సంతతే దేవాలయ ద్వారపాలకులు, గాయకులు. కీర్తనల్లో పదికి పైగా వాళ్ల పేరు మీదున్నాయి. యాజకుడు ఏలీ కొడుకులు నైవేద్యపు మాంసం దోచుకుతింటే, నీ ఇంటికిచ్చిన మాట రద్దు అని దేవుడే అన్నాడు. చివరికి ఆ వంశపు అబ్యాతారును సొలొమోను అనాతోతు పొలాలకు పంపేసి యాజకుడిగా సాదోకును నిలిపాడు. వంశం శాశ్వతమన్న పుస్తకమే వంశాన్ని కూలదోసిన కథలూ దాచుకుంది.

మన పటం కథకులకు, లేవీయులకు పోలిక చెప్పేటప్పుడు ఒక తేడా మరిచిపోకూడదు. లేవీయుడి పేదరికానికి అంటరానితనం తోడు కాలేదు. డక్కలివాడు మాదిగవాడకు వంశం చెప్పడానికి వచ్చి ఆ వాడ బయటే గుడిసె వేసుకోవాల్సిన ఆచారం తెలంగాణలో ఉండేది. అయితే ఆ డక్కలి చెప్పే జాంబపురాణం ఏమంటుందో వినాలి. భూమి పుట్టకముందే ఆదిజాంబవుడు పుట్టాడు, దేవతలకన్నా పెద్దవాడు. ఊరి చివరకు నెట్టేసిన మనిషిని సృష్టి మొదటికి తెచ్చి నిలబెట్టే వంశావళి అది. ఇలాగే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని తెలుగు కుటుంబాలు తమను ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకుని, 1991 నుంచి సొంత ప్రార్థన మందిరంలో విశ్రాంతి దినం పాటిస్తున్నాయి. వాళ్లను పరిశోధకులు మాదిగవాడ నుంచి వచ్చినవాళ్లుగానే గుర్తించారు. జాంబవుడి నుంచైనా, ఎఫ్రాయిము నుంచైనా, తమ మూలాన్ని ఎవరో రాసిపెట్టిన చోటు నుంచి తాము కోరుకున్న చోటుకు జరుపుకోవడం అందులో ఉంది. పైవాడి చేతిలో తలుపు మూసే గడియ అయిన వంశావళే కిందివాడి చేతిలో తలుపు తట్టే చెయ్యి అవుతుంది. నేను మెచ్చుకునేది ఆ తట్టే చేతినే.

ఇచ్చేవాళ్లు లేకపోతే చెప్పేవాళ్లు నిలవరు. నెహెమ్యా గ్రంథం చివరి అధ్యాయంలో, పదో వంతు పంట రావడం మానేస్తే లేవీయులు, గాయకులు ఎవరి పొలాలకు వాళ్లు పారిపోయారని ఉంది. యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా వాళ్లను వెతికి తెచ్చి మళ్లీ వాళ్ల వాళ్ల చోట్ల నిలబెట్టాడు. సిరిసిల్లలో మగ్గాలు పోయి సాంచెలు వచ్చాయి. సాంచెలకూ గిరాకీ తగ్గినప్పుడల్లా నేతన్నలు భీవండికి, సూరతుకు, షోలాపూరుకు వలసపోయారు. ఇచ్చే చెయ్యే ఊరు విడిచాక మిరాశి ఊరు పటం విప్పినవాడికి ఏం పెడుతుంది? కూనపులివాళ్ల పిల్లలకు ఆ వలస బండే దారయింది. ఆ పటం ముందు కూర్చుని తమ గోత్రం విన్న కులసంఘాలు ఈ ఊళ్లలో మార్కండేయ మందిరాలు కట్టించాయి. ఆ మందిరాల్లో ఏడాదికి ఒక రాత్రి పటం విప్పించి, చెప్పినవాళ్లకు వాటా చేతిలో పెట్టడం వాటికి అసాధ్యమైన పని కాదు. నెహెమ్యా చేసింది అంతే.

చివరగా హక్కోజు వంశం దగ్గరికి మళ్లీ వెళ్లాలి. పట్టీలో పేరు దొరకక నైవేద్యం తినకూడదన్న ఆ ఇంటివాళ్లు ఏమయ్యారో గ్రంథం కథగా చెప్పదు. కానీ పేర్లు వెతికే ఓపిక ఉంటే కనిపిస్తారు. ఎనభై ఏళ్ల తర్వాత ఎజ్రా బబులోను నుంచి వెండి బంగారాలు తెచ్చినప్పుడు, నాలుగో రోజున వాటిని తూచి అప్పగించుకున్నవాడు యాజకుడైన ఊరియా కొడుకు మెరేమోతు. నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ కట్టినవాళ్ల పట్టీలో అదే పేరు ఇంకా పూర్తిగా ఉంది, హక్కోజు కొడుకైన ఊరియా కొడుకు మెరేమోతు. ఇద్దరూ ఒకరేనని చాలామంది పండితుల అభిప్రాయం. గోడ పట్టీలో ఆయన పేరు రెండుసార్లు వస్తుంది. తన వంతు గోడ అయ్యాక ఇంకో భాగం కూడా ఎత్తుకున్నాడు. ఆ రెండో భాగం ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో కూడా రాశారు. ప్రధాన యాజకుడు ఎల్యాషీబు ఇంటి తలుపు నుంచి, ఆ ఇంటి చివరిదాకా.